రెండేళ్ల పాపకు పట్టు లంగా: ఆన్‌లైన్ బొటిక్ లెక్క ఎక్కడ తప్పుతుంది

పిల్లల బట్టలు కుట్టి అమ్మే చిన్న బొటిక్‌కు వాట్సాప్‌లో రోజూ వచ్చే ప్రశ్న ఒకటుంది: “రెండేళ్ల పాపకు ఉందా అండీ?” దానికి “ఉందండీ” అన్న జవాబు వెళ్లిన క్షణంలోనే ఆ ఆర్డరు లాభమా నష్టమా అన్నది చాలావరకు తేలిపోతుంది. రెండేళ్లు అన్నది వయసే గానీ కొలత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో వెలువరించిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం రెండేళ్లు నిండిన ఆడపిల్ల మధ్యస్థ ఎత్తు సుమారు 86 సెం.మీ.; మూడేళ్లు నిండేసరికి అది 95 సెం.మీ. దాకా వెళ్తుంది. తల్లి “రెండేళ్ల పాప” అన్నప్పుడు ఆ పాప ఈ రెండు అంకెల మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. పైగా ఒకే నెలలో పుట్టి చక్కగా ఎదుగుతున్న ఇద్దరు పిల్లల మధ్య కూడా ఆరేడు సెంటీమీటర్ల తేడా సాధారణమే. అంత తేడా లంగా పొడవులోకి వచ్చేసరికి దాదాపు రెండు అంగుళాలవుతుంది. రెండు అంగుళాలు ఎక్కువైతే పాప లంగా తొక్కుకుని పడుతుంది, తక్కువైతే కొత్త లంగా కాస్తా పాతదానిలా కనిపిస్తుంది. రెండు సందర్భాల్లోనూ పార్సిల్ వెనక్కి వస్తుంది, లేదా ఆ ఇంటి నుంచి మరో ఆర్డరు రాదు.

ఇంట్లో ఒక గది, రెండు మిషన్లు, ఒక కటింగ్ మాస్టరు, ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ ఉంటే మొదలుపెట్టగలిగిన వ్యాపారం కాబట్టి తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి బొటిక్‌లు పెద్ద ఊళ్లలోనే కాక మండల కేంద్రాల్లోనూ కనిపిస్తున్నాయి. పెట్టుబడి తక్కువన్నది నిజమే గానీ, అది ఎక్కడ ఇరుక్కుంటుందో మొదట్లో తెలియదు. చీరలు అమ్మేవారికి ఒక డిజైను అంటే ఒక చీర. అది ఎవరికైనా సరిపోతుంది, ఈ ఏడాది పోకపోతే వచ్చే ఏడాది పోతుంది. పిల్లల గౌనులో ఒక డిజైను అంటే 16 నుంచి 30 దాకా సరి సంఖ్యల సైజులన్నీ. హైదరాబాద్ మదీనాలో గానీ విజయవాడ వస్త్రలతలో గానీ టోకు వ్యాపారి సాధారణంగా సెట్టు విడగొట్టి ఇవ్వడు. లెక్క కోసం ఎనిమిది సైజుల సెట్టు ఒకటి చూద్దాం: ఒక్కో గౌను 500 చొప్పున మొత్తం 4,000 రూపాయలు. ఒక్కోటి 800కు అమ్మితే ఐదు గౌన్లు పోయేసరికి పెట్టుబడి తిరిగి వస్తుంది. కానీ ముందుగా పోయేవి మధ్య సైజులు. మరీ చిన్నది ఒకటి, మరీ పెద్దవి రెండు మిగులుతాయి. అంటే వ్యాపారి లాభం మొత్తం బీరువాలో మడత పెట్టి ఉన్న ఆ మూడు గౌన్లే. పది డిజైన్లు తెచ్చినవారి దగ్గర ముప్పై గౌన్లు మిగులుతాయి. పుస్తకంలో లాభం కనిపిస్తూనే చేతిలో డబ్బు ఆడకపోవడానికి కారణం ఇదే.

రోజువారీ బట్టల్లో చిన్న బొటిక్ పోటీ పడకపోవడమే మంచిది. తిరుప్పూరు నుంచి వచ్చే బనియన్ గుడ్డ దుస్తులు, కోల్‌కతా మెటియాబ్రుజ్‌లో గంపగుత్తగా తయారయ్యే గౌన్లు నేరుగా పెద్ద వేదికల మీదికి చేరుతున్నాయి. ఆన్‌లైన్ అమ్మకాల వేదిక మీషో 2021లో అమ్మకందారుల నుంచి కమీషన్ తీసుకోవడం మానేసింది. 2010లో పుణెలో మొదలైన ఫస్ట్‌క్రై పిల్లల సరుకుకే అంకితమై దేశమంతటా దుకాణాలు తెరిచింది. 250 రూపాయల నూలు గౌనును వాటికంటే చౌకగా ఇవ్వడం ఇంట్లో మిషను పెట్టుకున్నవారి తరం కాదు. అయితే ఆ వేదికలకు చేతకానివి రెండున్నాయి: ఒక ఫలానా పాప కొలతకు కుట్టడం, ఒక ఫలానా తేదీకి అందించడం. తెలుగు ఇళ్లలో ఈ రెంటికీ ఉన్న గిరాకీ చిన్నది కాదు.

బారసాల, అన్నప్రాశన, పుట్టువెంట్రుకలు, మొదటి పుట్టినరోజు, అక్షరాభ్యాసం, భోగిపళ్లు, కృష్ణాష్టమికి కృష్ణుడి వేషం, బతుకమ్మకు పట్టు లంగా, చివరికి ఓణీల వేడుక, పంచెల వేడుక: ఒక్క బిడ్డకు పన్నెండు పదమూడేళ్లు వచ్చేలోపు కొత్తబట్ట తప్పనిసరి అనిపించే సందర్భాలు ఇన్ని. అమ్మ చీరకు, అక్క లంగాకు, తమ్ముడి లాల్చీకి ఒకే అంచు కావాలనడం వీటి మీద అదనపు కోరిక. ఈ బట్టకు ధర ఒక్కటే ప్రమాణం కాదు. వేడుక మరునాడు చేరిన గౌను ఎంత అందంగా ఉన్నా వృథాయే. అందుకే ఆర్డరు తీసుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న రంగు గురించి కాదు, వేడుక ఎప్పుడన్నది. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి, కొరియరుకు నాలుగైదు రోజులు, మగ్గం వర్క్ ఉంటే దానికి వారం పది రోజులు, కుట్టుకు రెండు రోజులు, సరిదిద్దడానికి ఒకటి రెండు రోజులు తీసేస్తే ఆ ఆర్డరు ఒప్పుకోవచ్చో లేదో తేలుతుంది. భోగికి ముందు వారంలో వచ్చే ఆర్డర్లలో సగానికి “కుదరదండీ” అనగలిగిన బొటిక్ ఆ సీజను మంచి పేరుతో బయటపడుతుంది. అన్నింటికీ తలూపిన బొటిక్ పండగ నాడు కూడా ఫోన్లు ఎత్తలేని స్థితిలో ఉంటుంది.

కొలత విషయానికి వస్తే, పసిపిల్లకు టేపు చుట్టి కొలవమని తల్లికి చెప్పడం పనికిరాని సలహా. పిల్ల నిలబడదు, టేపు వంకరపోతుంది, ఛాతీ కొలతలో రెండు అంగుళాల తేడా వస్తుంది. అంతకంటే నమ్మకమైన పద్ధతి ఒకటుంది: ఇప్పుడు పాపకు సరిగ్గా సరిపోతున్న గౌనును, జాకెట్టును నేల మీద పరిచి, పక్కన టేపు పెట్టి, పైనుంచి ఫోటో తీసి పంపమనడం. చంకల కింద ఒక కుట్టు నుంచి మరో కుట్టు దాకా వచ్చిన అంకెను రెట్టింపు చేస్తే ఛాతీ కొలత తెలుస్తుంది. లంగాకు మాత్రం నడుము నుంచి చీలమండ దాకా ఒక్క కొలత చాలు, అది పాప నిద్రపోతున్నప్పుడైనా తీయవచ్చు. ఆపైన బొటిక్ తన వంతుగా చేయవలసింది ఒకటుంది. వచ్చిన అంకెల్ని “ఛాతీ 21, నడుము 20, లంగా పొడవు 19 అంగుళాలు, వేడుక ఫలానా తేదీ, సరేనా అండీ?” అని తిరిగి రాసి పంపి, “సరే” అనిపించుకున్నాకే గుడ్డ మీద కత్తెర పెట్టాలి. తరవాత వచ్చే తగాదాల్లో చాలావాటికి ఆ ఒక్క సందేశమే జవాబు.

కొలత తీసిన రోజుకూ బట్ట వేసుకునే రోజుకూ మధ్య పిల్ల పెరుగుతుందన్న సంగతి పెద్దల బట్టలు కుట్టి అలవాటైనవారు తరచు మరిచిపోతారు. పుట్టిన తొలి ఏడాదిలో బిడ్డ పాతిక సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, రెండో ఏట పన్నెండు, మూడో ఏట తొమ్మిది, ఐదో ఏటికి ఆరేడు సెంటీమీటర్లకు ఆ వేగం తగ్గుతుంది. కాబట్టి అన్నప్రాశన గౌనుకు ఆరు వారాల ముందు తీసిన కొలత వేడుక నాటికి పాతబడిపోతుంది. ఐదేళ్ల పిల్ల లంగాకు అదే ఆరు వారాలు లెక్కలోకి రావు. పల్లెటూళ్లలో దర్జీలు పరికిణీకి లోపల మడతలు వేసి కుట్టడం, ఏడాదికో మడత విప్పుకోవడం ఈ సమస్యకు ఎప్పుడో దొరికిన పరిష్కారం. అంగుళం లోతు మడత ఒకటి విప్పితే పొడవు రెండు అంగుళాలు పెరుగుతుంది. జాకెట్టు పక్క కుట్ల లోపల అంగుళం గుడ్డ వదిలితే మరో ఏడాది నడుస్తుంది. గుడ్డ ఖర్చు కొంచెం పెరిగినా, “రెండేళ్లు వేసుకోవచ్చు” అని నిజాయితీగా చెప్పగలగడం ఏ ప్రకటన కంటే గట్టిది. విచిత్రమేమంటే, చాలా పేజీల్లో మగ్గం వర్క్‌ను దగ్గరగా చూపే వీడియోలు పదులకొద్దీ ఉంటాయి గానీ, లంగాను తిరగేసి లోపలి మడత, లైనింగు, అంచు పోగులు ఊడకుండా వేసే ఓవర్‌లాక్ కుట్టు చూపే వీడియో ఒక్కటీ ఉండదు. పిల్లకు కొనే తల్లి మొదట చూసేది ఆ లోపలివైపే.

లోపలివైపు చూడడానికి మరో కారణం కూడా ఉంది. జరీ అంచు వెనకవైపు గరుకు, గౌను ఉబ్బుగా నిలవడానికి లోపల వేసే క్యాన్‌క్యాన్ నెట్టు కొసలు, మెడ దగ్గర బిగించిన హుక్కులు పసి ఒంటిని గీస్తాయి. అరగంటలో పిల్ల ఏడుపు అందుకుంటే ఆ బట్ట విప్పేస్తారు, ఫోటోలు కూడా మిగలవు. నడుము పట్టీకి, మెడకు మెత్తటి నూలు లైనింగు వేయడం విలాసమేమీ కాదు. చేతుల చివర వేలాడే ముత్యాలు, లట్కన్లు మూడేళ్ల లోపు పిల్లల నోట్లోకి వెళ్తాయి. జాకెట్టు వెనక మెడ దగ్గర కట్టే తాళ్లు పెద్దలకు అందమే గానీ ఆడుకునే పిల్లకు ప్రమాదం. ఐరోపా ప్రమాణం ఏడేళ్ల లోపు పిల్లల దుస్తులకు మెడ దగ్గర తాళ్లు ఉండకూడదని చెబుతుంది. మన దగ్గర ఆ పట్టింపు లేదు కాబట్టి బొటిక్ తనంతట తాను పాటించాలి. నెట్టు, పాలియెస్టరు నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. భోగిమంట దగ్గరికీ, దీపావళి టపాసుల దగ్గరికీ పిల్లలు వేసుకెళ్లేది తరచు ఆ గౌన్లే. పండగ పేరుతో ఆ గౌను అమ్మేవారు ఈ ఒక్క మాట చెప్పడం మానకూడదు.

గుడ్డ పేరు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. లైవ్‌లో “ప్యూర్ పట్టు అండీ” అని చూపించే లంగాల్లో చాలావాటి ధరకు అసలు పట్టు గుడ్డ రాదు. సెమీ పట్టు అని చెప్పి అమ్మడంలో తప్పులేదు. రెండేళ్లలో పొట్టి అయిపోయే లంగాకు అది తెలివైన ఎంపిక కూడా. తప్పల్లా పేరు మార్చడంలోనే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం కింద 2020 జూలైలో వచ్చిన ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువు లోపభూయిష్టంగా ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా, చెప్పిన గడువు దాటి చేరినా అమ్మకందారు వాపసు తీసుకోనని అనకూడదు. పేజీ పైభాగంలో రాసి పెట్టే “నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్” అన్న మాటకు ఈ మూడు సందర్భాల్లోనూ విలువ లేదు. పార్సిల్ విప్పే వీడియో అడగడం సాక్ష్యం కోసం సబబే గానీ, వీడియో లేనంత మాత్రాన లోపం లోపం కాకుండా పోదు. మరోవైపు కొనేవారు తప్పు కొలత ఇచ్చి, దాన్ని రాతపూర్వకంగా ఒప్పుకున్నాక బట్ట ఆ కొలతకే ఉంటే, ఆ నష్టం బొటిక్ మోయవలసిన పని లేదు. “ధర కోసం డీఎం చేయండి” (విడిగా సందేశం పంపండి) అన్న అలవాటు కూడా ఈ నియమాల స్ఫూర్తికి విరుద్ధం, ఎందుకంటే మొత్తం ధర ముందే తెలియజేయాలని అవి కోరుతున్నాయి. వ్యాపారరీత్యా చూసినా, ధర అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయేవారు ఎందరో లెక్క కూడా తేలదు.

డెలివరీ సమయంలో డబ్బు చెల్లించే పద్ధతి కొత్త బొటిక్‌కు ఆర్డర్లు తెచ్చిపెడుతుంది గానీ, దాని అసలు ఖర్చు తరవాత తెలుస్తుంది. 900 రూపాయల గౌనుకు తయారీ 600, కొరియరు 80 అనుకుంటే మిగిలేది 220. తలుపు దగ్గర వద్దంటే పోను 80, రాను 80 కలిపి 160 నష్టం. పది ఆర్డర్లలో రెండు తిరిగొస్తే మిగిలేది 1,440 రూపాయలు, నాలుగు తిరిగొస్తే 680 మాత్రమే. పైగా కొలతకు కుట్టిన గౌను తిరిగొస్తే దాన్ని వేరొకరికి అమ్మడం కష్టం. అందువల్ల రెడీ సైజు గౌన్లకు ఆ వెసులుబాటు ఇచ్చినా, కుట్టించే ఆర్డరుకు కనీసం గుడ్డ ఖరీదైనా ముందే తీసుకోవడం న్యాయం. కొరియరు ఖర్చులో దాగిన మరో గుంట ఘనపరిమాణపు బరువు. ప్రైవేటు కొరియర్లు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి సాధారణంగా 5,000తో భాగించి వచ్చిన కిలోలకు, అసలు బరువుకు మధ్య ఏది ఎక్కువైతే దానికి వసూలు చేస్తాయి. ఏడు వందల గ్రాముల క్యాన్‌క్యాన్ గౌనును 40, 30, 15 కొలతల పెట్టెలో పెడితే అది 3.6 కిలోల పార్సిల్. అదే క్యాన్‌క్యాన్‌ను విడి పెట్టీకోటుగా కుట్టి, చుట్టి, 35, 28, 6 కొలతల కవరులో పంపితే 1.2 కిలోల లోపే. ఇక్కడ డిజైను నిర్ణయమే కొరియరు బిల్లును నిర్ణయిస్తోంది.

పన్నుల విషయంలో తెలుగు బొటిక్‌లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. సరుకు అమ్మేవారికి జీఎస్టీ నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో ఏటా 40 లక్షల టర్నోవరు, తెలంగాణలో 20 లక్షలు. ఇంతకంటే తక్కువ అమ్ముతున్నాం కాబట్టి మనకు నమోదు అక్కర్లేదని చాలామంది అనుకుంటారు. కానీ ఆ మినహాయింపు సొంత రాష్ట్రంలో అమ్ముకున్నంత వరకే. 2014 జూన్ 2 తరవాత హైదరాబాద్ నుంచి విజయవాడకు వెళ్లే పార్సిల్ అంతర్రాష్ట్ర సరఫరా. కొన్ని హస్తకళా వస్తువులకు ఇచ్చిన మినహాయింపు వర్తిస్తే తప్ప, అలాంటి గౌను ఒక్కటి పంపినా టర్నోవరుతో సంబంధం లేకుండా నమోదు చేసుకోవలసిందే. చుట్టాలు రెండు రాష్ట్రాల్లోనూ ఉండి, ఒకరు చూసిన పేజీ మరొకరికి పంపుకునే సమాజంలో సొంత రాష్ట్రంలోనే అమ్ముతామనడం ఆచరణలో కుదరదు. 2023 అక్టోబరు 1 నుంచి నమోదు లేని చిన్న వ్యాపారులు కూడా పెద్ద వేదికల ద్వారా అమ్ముకునే వీలు కలిగింది, అయితే అదీ సొంత రాష్ట్రంలోపలే. చిన్న వ్యాపారులు టర్నోవరు మీద తక్కువ శాతం పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో చేరినవారికి కూడా రాష్ట్రం దాటి అమ్మే హక్కు లేదు.

పన్ను రేటులోనూ ఒక మెట్టు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టిన దుస్తుల్లో ఒక్కోటి 2,500 రూపాయల దాకా ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం. అంతకుముందు ఆ గీత 1,000 రూపాయల దగ్గర, పై రేటు 12 శాతంగా ఉండేది. ఈ మార్పు మామూలు గౌన్లకు మేలు చేసింది, మగ్గం వర్క్ ఉన్న పట్టు లంగాకు మాత్రం భారమైంది. పన్ను కాకుండా 2,500 ధర పెడితే కొనేవారు చెల్లించేది 2,625. దాన్ని 2,600 చేస్తే 3,068. బొటిక్ వంద రూపాయలు పెంచితే కొనేవారికి 443 పెరుగుతుంది. కాబట్టి ఆ గీతను కొద్దిగా దాటే ధరలు పెట్టడం అవివేకం. ఒకటి రెండు పూసల వరసలు తగ్గించి లోపలే ఉండాలి, లేదా పని బాగా పెంచి గీతకు చాలా పైన నిలబడాలి. ఇందులో ఓ వింత కూడా ఉంది: ఇరవై వేల పట్టుచీర గుడ్డ కింద లెక్క కాబట్టి 5 శాతమే, మూడు వేల పట్టు లంగా కుట్టినది కాబట్టి 18 శాతం.

అమెరికా నుంచి వచ్చే ఆర్డర్లు చాలా బొటిక్‌లకు గర్వకారణం, కొన్నింటికి ఆదాయంలో పెద్ద భాగం. అక్కడ తెలుగు సంఘాల సంక్రాంతి, ఉగాది వేడుకలకు పిల్లలకు పట్టు లంగాలు ఇక్కడి నుంచే వెళ్తాయి. 800 డాలర్ల లోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో అన్ని దేశాలకూ ముగిసింది. అమ్మిన సరుకును బహుమతి అని రాసి పంపడం అప్పుడూ తప్పే, ఇప్పుడు ఆ తప్పు సులభంగా బయటపడుతుంది. సుంకం ఎవరు కట్టాలన్నది ఆర్డరు నాడే రాతలో ఉండకపోతే, పార్సిల్ అక్కడ ఆగి వేడుక తేదీ దాటిపోతుంది. పీచు రకం, తయారైన దేశం, తయారీదారు వివరం తెలిపే లేబుల్‌ను అక్కడి చట్టం దుస్తులకు అడుగుతుంది, పిల్లల వస్తువులకు 2008 నాటి చట్టం కింద సీసం వంటి వాటి మీద పరీక్షలూ ఉన్నాయి. ఇంటి బొటిక్‌కు ఇవన్నీ మోయడం కష్టం. అందుకే ఎండాకాలం సెలవులకు వచ్చిన కుటుంబాలకు ఇక్కడే కుట్టి చేతికి ఇవ్వడం, లేదా ప్రయాణమై వెళ్లే బంధువు పెట్టెలో పంపడం ఇప్పటికీ నడుస్తున్న మార్గాలు.

ఇవన్నీ సర్దుకున్న బొటిక్ దగ్గర చివరికి పోగయ్యేది ఒక నోటు పుస్తకం: పాప పేరు, పుట్టిన తేదీ, ఎప్పుడు తీసిన కొలత, ఏ వేడుకకు ఏం కుట్టారు. అన్నప్రాశనకు పావడా కుట్టించుకున్న ఇంటికి ఆరు నెలల్లో మొదటి పుట్టినరోజు వస్తుంది, ఆపైన అక్షరాభ్యాసం, ఓణీల వేడుక. పుట్టినరోజుకు నలభై రోజుల ముందు “పాత కొలతకు రెండు అంగుళాలు పెంచి చూపించమంటారా అండీ?” అని వెళ్లే సందేశానికి వచ్చే జవాబులు, వేలు పోసి చేయించిన ప్రకటనకు రావు. అయితే ఆ పుస్తకం ఫోనులోకి ఎక్కినప్పుడు అది పిల్లల వ్యక్తిగత సమాచారం అవుతుంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపువారి వివరాలకు తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి కోరుతుంది. “మా చిన్నారి కస్టమర్” అంటూ పాప ఫోటో, పేరు, ఊరు కలిపి పేజీలో పెట్టే ముందు అడిగే అలవాటు ఇంకా చాలా బొటిక్‌లకు రాలేదు. ఆర్డరు సరిచూసుకునే సందేశంలోనే కొలతల కింద మరో వరుసగా ఆ ప్రశ్న కూడా చేర్చవచ్చు: ఫోటో పెట్టమంటారా, వద్దంటారా.